ఆఫ్రికాకి పాత పుస్తకాల కంటైనర్లు వద్దు

"ఆఫ్రికావాడి కంట పడకుండా ఏదైనా దాచాలంటే పుస్తకంలో పెట్టు" అనే మాట ఒకటి ఏళ్ళ తరబడి తిరుగుతోంది. ఎవరు పుట్టించారో గానీ, ఆఫ్రికావాళ్ళలోనే చదువుకున్నవాళ్ళు కూడా తమ జనాన్ని తిట్టడానికి ఇదే వాడుతుంటారు. మొన్న మా తెలుగువాళ్ళ గ్రూపులో ఒకాయన దీన్ని ఫార్వర్డ్ చేసి, కింద "మన ఇళ్ళల్లో మూలన పడున్న పాత పుస్తకాలు పోగుచేసి ఒక కంటైనర్ నింపి పంపుదాం, వాళ్ళకీ చదివే అలవాటు వస్తుంది" అని రాశారు. కాసేపట్లోనే గ్రూపంతా దండాలు, చప్పట్లు. ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ ఆ మాట అబద్ధం, ఆ కంటైనర్ దండగ. గ్రూపులో నాలుగు లైన్లలో చెబితే గొడవగా ఉంటుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను కొన్నేళ్ళు టాంజానియాలో, దారెస్సలాంలో ఉద్యోగం చేశాను. పొద్దున పూట కరియాకో మార్కెట్ వైపు వెళ్తే రోడ్డు పక్కన పేపర్లమ్మే బల్లలు కనపడతాయి. ‘మ్వానాంచీ’, ‘నిపాషే’, ఆటల పేపరు ‘మ్వానాస్పోటి’, అన్నీ అక్కడి జనభాష స్వాహిలీలోనే. మొదటి పేజీలు కనపడేలా పరిచి ఉంటాయి. చుట్టూ జనం. మూటలు మోసేవాళ్ళు, బైక్ టాక్సీ కుర్రాళ్ళు నిలబడే హెడ్డింగులన్నీ చదివేస్తారు. సింబా, యాంగా అనే రెండు ఫుట్‌బాల్ జట్ల మీద అక్కడికక్కడే వాదన మొదలవుతుంది. కొనేవాళ్ళు తక్కువ, ఎందుకంటే ఆ డబ్బుకి ఆ పూట టీ, ఏదో ఒక టిఫిన్ వస్తుంది.

ఇక ఆడవాళ్ళు కట్టుకునే ఖంగా అనే నూలు బట్ట. నాలుగు వైపులా వెడల్పు అంచు, మధ్యలో పూలో జీడిమామిడి గింజలో, కింద అంచుకి కాస్త పైన స్వాహిలీలో ఒక వాక్యం అచ్చేసి ఉంటుంది. సామెత కావచ్చు, దేవుడి మాట కావచ్చు, పక్కింటావిడకి తగలాల్సిన చురక కావచ్చు. కొట్లో రంగు ఎంత చూస్తారో ఆ వాక్యాన్నీ అంత చూస్తారు. ఎంత మంచి రంగైనా, మాట నచ్చకపోతే మడిచి పక్కన పెట్టేస్తారు. కట్టుకునే బట్టని కూడా చదివి కొనే మనుషుల్ని పట్టుకుని చదవరు అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

టాంజానియా చరిత్ర చూసినా ఇదే తెలుస్తుంది. 1961లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి పెద్దవాళ్ళలో ఎక్కువమందికి అక్షరం ముక్క రాదు. దేశ మొదటి అధ్యక్షుడు జూలియస్ నైరేరే స్వయంగా బడిపంతులు. జనం ఆయన్ని చివరిదాకా మాస్టారు అనే పిలిచారు. పిల్లలు చదువుకుని దేశానికి అక్కరకొచ్చేసరికి చాలా ఏళ్ళు పడుతుంది, ముందు పెద్దవాళ్ళకి చదువు చెప్పాలి అన్నది ఆయన పట్టుదల. 1970ని వయోజన విద్యా సంవత్సరంగా ప్రకటించారు. చెట్ల కింద, పార్టీ ఆఫీసుల్లో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ క్లాసులు పెట్టారు. వాచకాలు పత్తి రైతుకి పత్తి గురించి, చేపలు పట్టేవాళ్ళకి చేపల గురించి ఉండేవి. అన్నీ స్వాహిలీలో.

అన్నిటికన్నా నాకు బాగా నచ్చేది 1973లో చేసిన ‘మ్టు ని ఆఫ్యా’, అంటే ‘మనిషంటే ఆరోగ్యం’. పన్నెండు వారాల కార్యక్రమం. ఊళ్ళలో గుంపులు గుంపులుగా రేడియో చుట్టూ కూర్చునేవాళ్ళు. ప్రసారం అయ్యాక చదవడం వచ్చిన ఒకరు ఆ వారం పుస్తకం తీసి గట్టిగా చదివేవారు. మలేరియా, విరేచనాలు, తాగే నీళ్ళు, మరుగుదొడ్లు. చదివాక మన ఊళ్ళో ఏం చేద్దాం అని అక్కడే తేల్చుకునేవాళ్ళు. సుమారు 20 లక్షల మంది ఇందులో పాల్గొన్నారు. క్లాసు నుంచి లేచి వెళ్ళి మరుగుదొడ్డి గుంటలు తవ్వారు, దోమలు పెరిగే నీటి గుంటలు పూడ్చారు. చదువుకి, ఊరి బాగుకి ఉన్న సంబంధం గురించి సెమినార్లలో ఎంతో చెబుతారు. నాకు మాత్రం పుస్తకం మూసి గునపం అందుకున్న ఆ ఊళ్ళే గుర్తొస్తాయి.

1967లో మూడో వంతు దగ్గర ఉన్న అక్షరాస్యత, 1986కల్లా ప్రభుత్వ లెక్కల్లో 90 శాతానికి చేరింది. ఆ తర్వాత పడిపోయింది. 2002 నాటికి 70 శాతం దరిదాపుల్లో ఉంది. జనానికి బద్ధకం పెరిగి కాదు. 1980ల్లో దేశం అప్పుల్లో కూరుకుపోయింది. ఖర్చు తగ్గించమని బయటి అప్పులవాళ్ళు మెడ మీద కూర్చున్నారు. బడిలో ఫీజులు మొదలయ్యాయి. కాగితం కరువైంది. కొత్తగా చదవడం నేర్చుకున్నవాళ్ళ కోసం నడిచిన పల్లె పత్రికలు, ఊరి గ్రంథాలయాలు నీరసించాయి. అక్షరాలు నేర్చుకున్న రైతుకి ఆ తర్వాత చదవడానికి చేతిలో ఏమీ లేకపోతే నాలుగైదేళ్ళలో మర్చిపోతాడు. ఎవరైనా అంతే. అసలు లోటు ఇక్కడుంది. చదివే అలవాటు లేదని వాళ్ళని నిందించే ముందు, చదవడానికి వాళ్ళ భాషలో ఏం మిగిల్చారో చూడాలి.

పక్క దేశం కెన్యాలో ఇంకో కథ. నైరోబీ దగ్గర లిమురు, అక్కడ కమిరీతు అనే ఊరు. 1976లో ఊరివాళ్ళే, కూలీలు, చిన్న రైతులు, రచయిత గూగీ వా థియాంగోని పిలిచి మాకూ ఏదైనా చేయమన్నారు. వయోజన విద్యతో మొదలుపెట్టారు. చదవడం రాయడం వచ్చాక వాళ్ళ బతుకు మీద వాళ్ళ గికుయు భాషలోనే నాటకం కట్టుకున్నారు. రెండు వేల మంది కూర్చునే ఆరుబయట రంగస్థలం ఊరివాళ్ళే చేతులతో కట్టారు. 1977 అక్టోబరులో నాటకం మొదలైంది, నవంబరులో ప్రభుత్వం ఆపేసింది, డిసెంబరు 31న గూగీని అరెస్టు చేసింది. ఇంగ్లిష్‌లో పుస్తకాలు రాసినన్నాళ్ళు ఆయన్ని జైల్లో పెట్టలేదు. 1982లో ఆ రంగస్థలాన్ని నేలమట్టం చేశారు.

జైల్లో ఆయన టాయిలెట్ పేపర్ మీద గికుయులో నవల రాశారు. 1980లో అచ్చయింది. ఆ పుస్తకం జనంలోకి ఎలా వెళ్ళిందో ఆయనే తర్వాత రాశారు. ఇళ్ళల్లో సాయంత్రం పూట చదవడం వచ్చిన ఒకరు మిగతావాళ్ళందరికీ వినిపించేవారు. బార్లలో కూడా ఒకడు లేచి గట్టిగా చదివేవాడు. మంచి పట్టు మీద ఉండగా గ్లాసు ఖాళీ అయితే పుస్తకం కింద పెట్టేసేవాడు. వినేవాళ్ళు అరిచి ఇంకో సీసా తెప్పిస్తే మళ్ళీ మొదలు. చదవడం రానివాడు కూడా డబ్బు పెట్టి పుస్తకం విన్న చోటు అది. ఆ నవలని మన వరవరరావు గారు జైల్లో ఉండగానే తెలుగులోకి తెచ్చారు, మనలో చాలామంది చదివారు. గ్రూపులో దండాలు పెట్టినవాళ్ళలోనూ కొందరు చదివే ఉంటారు.

ఇప్పుడు కంటైనర్ల సంగతి. దారెస్సలాంకి కాస్త దూరంలో ఒక పల్లె బడికి విదేశం నుంచి పుస్తకాలొస్తే సర్దడానికి మేం కొంతమందిమి వెళ్ళాం. పెట్టెలు విప్పుతుంటే నాకు నోట మాట రాలేదు. ఎప్పటిదో కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ నేర్పే లావుపాటి గైడు, ఇంకో దేశపు ఇన్‌కమ్ టాక్స్ పుస్తకం, ఎవరిదో పెళ్ళి కానుక అని లోపల రాసి ఉన్న వంటల పుస్తకం, మధ్య సంపుటాలు లేని ఎన్‌సైక్లోపీడియా. పిల్లల పుస్తకాలూ ఉన్నాయి, మంచు మనుషులవి, క్రిస్మస్ చెట్లవి, అన్నీ ఇంగ్లిష్‌లో. ఆ పిల్లలు ఏడో తరగతి దాకా స్వాహిలీలో చదువుతారు. బొమ్మలు తిరగేసి పెట్టేశారు. అదే అలమారాలో కింది అరలో స్వాహిలీ కథల పుస్తకాలు కొన్ని ఉన్నాయి, సన్నవి, ముప్ఫై పేజీలు కూడా లేవు. ఒకదానికి అట్ట ఊడిపోతే సిమెంట్ సంచీ కాగితం వేసి దారంతో కుట్టారు. పేజీల మూలలు వేళ్ళు తగిలి తగిలి నల్లబడి గుండ్రంగా అరిగిపోయాయి. కావలసింది ఏమిటో ఆ అలమారాయే చెబుతోంది. ఓడ కిరాయి, క్లియరెన్స్, లారీ ఖర్చు కలిపితే ఆ సన్నటి పుస్తకాలు ఎన్ని వచ్చేవో అని అప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

పైగా ఉచితంగా వచ్చి పడే పుస్తకాలు అక్కడి ప్రచురణకర్తల పొట్ట కొడతాయి. బడి లైబ్రరీ నిండిపోయిందని లెక్కల్లో రాసుకున్నాక స్థానిక పుస్తకం ఎవరు కొంటారు? ఇప్పటి టాంజానియాలో భాగమైన జాంజిబార్‌లో పుట్టి, ఇంగ్లిష్‌లో రాసే అబ్దుల్‌రజాక్ గుర్నా 2021లో నోబెల్ అందుకునేదాకా ఆయన నవల ఒక్కటీ స్వాహిలీలో రాలేదు. మొదటిది 2022లో వచ్చింది, వేసింది దారెస్సలాంలోని ‘మ్కుకి నా న్యోటా’ అనే ప్రచురణ సంస్థ. 1991 నుంచి నెట్టుకొస్తున్నారు. అలాంటి వాళ్ళకి కావలసింది కొనేవాళ్ళు.

భాష ఒక్కటి మార్చేస్తే అన్నీ సర్దుకుంటాయని అనడం లేదు. దక్షిణాఫ్రికాలో 2021లో జరిపిన అంతర్జాతీయ పరీక్షలో నాలుగో తరగతి పిల్లల్లో 81 శాతం మంది చదివింది అర్థం చేసుకోలేకపోయారు, అదీ వాళ్ళు బడిలో మొదట నేర్చుకున్న భాషలోనే పరీక్ష పెట్టినా. మొదటి మూడేళ్ళు చాలామంది చదువు సొంత భాషలోనే. కానీ కథల పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లో, డచ్ నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్ భాషలో వస్తాయి. వాచకం ఒక్కటి పట్టుకుని ఏ పిల్లాడికీ చదవడం పట్టుబడదు. ఈ లోటు గుర్తించే ‘నలిబాలి’ అనే ఉద్యమం 2012 నుంచి అక్కడ చదువుల క్లబ్బులు నడుపుతోంది, రెండు భాషల్లో కథల అనుబంధాలు పేపర్లతో పాటు పంచుతోంది. అది నాకు నచ్చిన దారి. ప్రభుత్వాలు మాత్రం ఒక పక్క చదవండి చదవండి అంటూనే దక్షిణాఫ్రికాలో పుస్తకాల మీద 15 శాతం, కెన్యాలో 2013 నుంచి 16 శాతం వ్యాట్ వేశాయి. ఇది అన్యాయం.

మరి మనం ఏం చేయాలంటే, కంటైనర్‌కి పోగుచేసే డబ్బుతో అక్కడే కొనండి. టాంజానియాలో పిల్లల పుస్తకాల ప్రాజెక్టు ఒకటి 1991 నుంచి చేస్తున్నది ఇదే. స్థానిక రచయితలకి, బొమ్మలు వేసేవాళ్ళకి శిక్షణ ఇస్తుంది, ప్రచురణకర్త స్వాహిలీ పుస్తకం వేస్తే అందులో పెద్ద భాగం తనే కొని బడులకిస్తుంది, మిగిలినవి ఆయన బజార్లో అమ్ముకుంటాడు. పుస్తకం పిల్లలకి చేరుతుంది, అచ్చు వేసినవాడూ నిలబడతాడు. డబ్బు లేదు, చేయి సాయం చేస్తాం అనేవాళ్ళకీ పని ఉంది. 2014లో మొదలైన ‘ఆఫ్రికన్ స్టోరీబుక్’ వెబ్‌సైటులో అక్కడి భాషల్లో పిల్లల కథలు ఎవరైనా ఉచితంగా అచ్చు వేసుకునేలా ఉన్నాయి. వాటిలో కొన్ని మన ప్రథమ్ బుక్స్‌వాళ్ళ ‘స్టోరీవీవర్’లోకీ వచ్చాయి. తెలుగులోకి అనువదించండి. మన పిల్లలు ఆ ఊళ్ళ కథలు వాళ్ళ మాటల్లో చదివితే, రేపు ఇలాంటి ఫార్వర్డ్ వచ్చినప్పుడు వాళ్ళే ఆపుతారు.

పుస్తకాలు కొనిచ్చేటప్పుడు ఒకటి అడిగి తెలుసుకోండి, తాళం ఎవరి దగ్గర ఉంటుందని. చాలా బడుల్లో అలమారా తాళం హెడ్‌మాస్టర్ గారి జేబులో ఉంటుంది, పుస్తకం పోతే ఆయన జీతంలోంచి కోస్తారేమోనని భయం. ఆయన తప్పు కాదు. పోయినా చిరిగినా అడగం అని కాగితం మీద రాసివ్వండి. చందాలో కొంత భాగం సాయంత్రం రెండు గంటలు గది తెరిచి కూర్చునే మనిషి జీతానికి తీసి పెట్టండి, కనీసం రెండేళ్ళకి సరిపడా.