వన్‌టౌన్ వదిలి మేం ఎక్కడికీ రావడం లేదు

మేం ఉండేది విశాఖపట్నం పాత ఊళ్ళో, అందరూ వన్‌టౌన్ అనే చోట. మా అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. ఏ బండీ నడపడం రాదు, ఫోన్లో ఆటో పిలవడం అసలే రాదు. అయినా నిన్న గురువారం పొద్దున్న ఆరింటికే పాల ప్యాకెట్టు, పసుపు పొట్లం సంచిలో వేసుకుని కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికెళ్ళింది. వస్తూ వస్తూ రెండు మూరలు కనకాంబరాలు కొంది. అప్పుడే తలుపులు తీస్తున్న పచారీ కొట్టాయన్ని మినప్పప్పు ధర అడిగింది, ఎక్కువన్నాడని కాసేపు వాదించింది. వాళ్ళ కోడలికి నెలలు నిండాయి కదా, ఎలా ఉందో కనుక్కుంది. ఏడుంబావుకి ఇంట్లో ఉంది. "నన్నక్కడ దింపవే" అని ఎవర్నీ అడగలేదు. అడగాల్సిన పని పడలేదు. నేను ఇంత పొడుగు పోస్టు రాయడానికి కారణం అదే.

మా అక్కావాళ్ళు మూడేళ్ళ కిందట ఊరి శివార్లలో, మధురవాడ అవతల ఫ్లాట్ కొన్నారు. తొమ్మిదో అంతస్తు. మంచి ఇల్లే, కాదనను. బాల్కనీ తలుపు తీస్తే గాలి తోసుకొస్తుంది, కరెంటు పోతే జనరేటర్ అందుకుంటుంది, కింద పిల్లలకి ఉయ్యాలలున్నాయి. పక్క బ్లాకులో ఒకటి అమ్మకానికి ఉంది, మీరూ వచ్చేయండని అక్క ఏడాదిగా పోరుతోంది. బావగారైతే "ఆ వన్‌టౌన్‌లో ఏముందమ్మా, దుమ్మూ కంపూ తప్ప" అంటారు.

దుమ్ము సంగతికి వస్తాను. ముందు అక్క అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడదీ మా అమ్మ వయసే. విజయనగరంలో మార్కెట్ వీధిలో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. కూరగాయలు గిల్లి చూసి, బేరమాడి తెచ్చుకున్న చెయ్యి. ఇప్పుడు కొత్తిమీర కావాలన్నా మనవడు ఫోన్ తీయాలి. గుడికి వెళ్ళాలంటే కొడుక్కి సెలవుండాలి. మొన్న దసరాకి వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుని "ఇక్కడ అన్నీ ఉన్నాయి తల్లీ, కిందకి దిగితే వెళ్ళడానికే ఓ చోటు లేదు" అన్నారు. గేటు దాటితే బళ్ళు దూసుకుపోయే పెద్ద రోడ్డు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మని అక్కడ ఊహించుకోలేకపోయాను.

వన్‌టౌన్‌లో మాది బురుజుపేట. బురుజు ఇప్పుడు లేదు, కోటవీధిలో కోటా లేదు, పేర్లు మాత్రం మిగిలాయి. కానీ ఆ పేర్లతోపాటు మిగిలిన ఇంకొకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇది బళ్ళు రాకముందు పుట్టిన ఊరు. మనిషి ఎంత దూరం నడవగలడో ఆ కొలతతో కట్టుకున్న ఊరు. కింద కొట్టు, పైన ఇల్లు. సందు చివర గుడి, ఇంకో సందు చివర పిండి మర. నగలు మెరుగు పెట్టించాలంటే కురుపాం మార్కెట్టు, వారానికి సరిపడా కూరలూ సరుకులూ కావాలంటే పూర్ణా మార్కెట్టు. ఓపిక ఉన్న రోజు కేజీహెచ్, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రి దాకా కూడా నడుస్తాం. 1923 నుంచి ఉత్తరాంధ్ర అంతా బస్సులెక్కి, రైళ్ళెక్కి వచ్చే ఆసుపత్రికి మేం నడిచి వెళ్తాం. నాన్నగారు ఆఖరి రోజుల్లో అక్కడున్నప్పుడు అమ్మ పూటపూటా క్యారేజీ పట్టుకుని నడిచే వెళ్ళింది. ఆ పదిహేను రోజులు నేను ఉద్యోగం మానకుండా నిలబడ్డానంటే ఆ దగ్గరతనం వల్లే.

నడిస్తే ఊరి రుతువులు తెలుస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు కదా, ఆ అరవై ఒక్క రోజులూ మా వీధికి వచ్చే చేపల బుట్ట తేలికైపోతుంది. వంజరం మాటే ఉండదు, నెత్తళ్ళు దొరికితే గొప్ప. ఆ రోజుల్లో ఆ బుట్ట తెచ్చే అప్ప ముఖం చూస్తే ఇంట్లో ఎలా జరుగుతోందో అర్థమవుతుంది. నిషేధం అయ్యాక వెండిలా మెరిసే కానాగడతలతో వచ్చినప్పుడు ఆమె కంటే మాకే సంతోషం. నాకు జ్వరమొచ్చి రెండు రోజులు గుమ్మంలో కనబడకపోతే మూడో రోజు తలుపు కొట్టి మరీ అడిగింది: "ఏటమ్మా, రెండ్రోజులై అగుపడనేదు, ఒంట్లో బాగోనేదా?" డోర్‌స్టెప్ డెలివరీ కుర్రాడు పాపం నిమిషాల లెక్కన పరిగెడుతుంటాడు, అతనికి ఆ తీరిక ఎక్కడిది?

హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు గుర్తుందా? 2014 అక్టోబరు 12, ఆదివారం. చెట్లన్నీ రోడ్లమీదే. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, పెట్రోలు బంకుల దగ్గర బారులు. అప్పుడు మా ఇంటికి బియ్యం, కొవ్వొత్తులు, పాలపొడి నాలుగిళ్ళ అవతలి కొట్టునుంచే వచ్చాయి. డబ్బులు తర్వాత ఇవ్వమన్నాడాయన, పేరు కూడా రాసుకోలేదు. అమ్మ వీధిలో ప్రతి ఇంటి తలుపూ తట్టి ఎవరెలా ఉన్నారో చూసొచ్చింది. బండి కదలని వారం రోజుల్లో కాళ్ళతో అందే ఊరు ఎంత విలువైందో నా కళ్ళతో చూశాను. అప్పటినుంచే నాకీ పట్టుదల.

ఇప్పుడు దుమ్ము. నిజమే. గాల్లో వచ్చే నల్లధూళికి పొద్దున్న తుడిచిన గచ్చు సాయంత్రానికి మళ్ళీ నల్లబడుతుంది. ఆరేసిన తెల్లచొక్కా తెల్లగా లోపలికి రాదు. మా పాపకి చలికాలంలో దగ్గు మందు సీసా తలగడ పక్కనే ఉంటుంది. ఇది చిన్న సంగతని నేను ఎప్పుడూ అనను, అనేవాళ్ళంటే నాకు కోపం. పెద్ద వాన పడితే సందులో మోకాలి లోతు నీళ్ళు, అందులో కాలవ నీళ్ళూ కలిసిపోతాయి. మార్గశిరంలో గురువారాలొస్తే అమ్మవారి దర్శనానికి జనం అర్ధరాత్రినుంచీ బారులు తీరతారు. ఆ భక్తి మాకూ సంతోషమే, కానీ ఆ నెలలో అంబులెన్సు రావాల్సొస్తే ఏ దారిన వస్తుందో తలుచుకుంటే గుండె గుబగుబలాడుతుంది.

అన్నిటికంటే నన్ను కాల్చేది ఫుట్‌పాత్. రెండేళ్ళ కిందట కరెంటు స్తంభం దగ్గర కాలవమీది పలక తిరగబడి అమ్మ పడింది. కుడి చెయ్యి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. అన్నం నేను కలిపి పెడుతుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది, నొప్పికి కాదు, ఒకరి చేత్తో తినాల్సొచ్చినందుకు. అక్క ఫోన్ చేసి "అందుకే చెప్తున్నా, వచ్చేయండి" అంది. నాకు ఆ మాట మింగుడు పడలేదు. పలక విరిగితే పలక వేయాలి గానీ, మనిషిని ఊరు దాటించడమేమిటి?

ఆ పలక కోసం కార్పొరేషన్ కార్యాలయానికి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి కాగితం తీసుకున్నారు, రెండోసారి ఆ కాగితం దొరకలేదు, మూడోసారి "రోడ్డు వెడల్పు పనుల్లో అదీ చూస్తాం" అన్నారు. ఆ మాటకే నా ఒళ్ళు మండింది. మాకు వెడల్పు రోడ్డు ఎవరడిగారు? మేం అడిగింది కదలని పలక. రోడ్లు ఎలా ఉండాలో ప్రమాణాలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 103వ నంబరు మార్గదర్శకాల్లో నడిచేందుకు అడ్డులేని దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలనుంది, అంటే సుమారు ఆరడుగులు. ఫుట్‌పాత్ అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదనుంది, అంటే అరడుగు. నేను కుట్టుపని టేపు పట్టుకెళ్ళి మా వీధి కొలిచాను. స్తంభం పక్కన రెండున్నర అడుగులే. ఒకచోట అంచు అడుగుంబావు ఎత్తుంది, అమ్మ అక్కడ గోడ పట్టుకుని ఎక్కుతుంది. అడ్డులేని ఫుట్‌పాత్‌ మీద నడవడం జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టే చెప్పింది. మా అమ్మ దయ అడగడం లేదు.

ఇంకో మాట. ఫుట్‌పాత్ బాగుచేయడమంటే తోపుడు బండ్లు తీసేయడమే అనుకునేవాళ్ళు చాలామంది, నా స్నేహితుల్లోనే ఉన్నారు. నేను ఒప్పుకోను. మా సందులో దారికి అడ్డం నిలబడేవి ముప్పాతిక వంతు బైకులూ కార్లూ. వాటినెవరూ ఏమీ అనరు, అరటిపళ్ళ బండిని మాత్రం అందరూ కసురుతారు. వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు చట్టం చేసింది. సర్వే పూర్తయి వాళ్ళకి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదని అందులో ఉంది. చట్టం మాట అలా ఉంచండి. మా పాప రాత్రి ఎనిమిదింటికి ట్యూషన్ నుంచి ఒక్కతే నడిచొస్తుంది. వీధి దీపం వెలగని మలుపులో మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ బండి ఉంటుంది. ఆ నిప్పుల వెలుగే మాకు దీపం. ఓ రోజు పాప రావడం ఆలస్యమైతే నేను కంగారుగా బయటికొచ్చేసరికి ఆవిడే ఎదురొచ్చి "గుంటకి చెప్పు తెగిపోనాది, అదిగో కుట్టిస్తంది" అని చూపించింది. ఆ బండి తీసేసిన రోజు ఆ మలుపులో మా పాపని నేను ఒంటరిగా పంపను.

అమ్మవారి కథ వన్‌టౌన్‌లో పుట్టిన వాళ్ళందరికీ తెలుసు. బావిలో దొరికిన విగ్రహాన్ని వీధి మధ్యలో నిలబెట్టారని, 1917లో రోడ్డు వెడల్పు చేయాలని పక్కకి జరిపారని, ఆ ఏడే ప్లేగు వచ్చి ఊరు అల్లాడిపోయిందని, మళ్ళీ పాత చోటికే తెచ్చి నిలబెట్టాక తగ్గిందని చెప్పుకుంటారు. ఇప్పటికీ ఆ తల్లికి నెత్తిన కప్పు లేదు. ఎవరి పూజ వాళ్ళే చేసుకోవచ్చు, పాలు పోసి పసుపు రాయొచ్చు. ప్లేగు ఎందుకొచ్చిందో వైద్యులు చెప్పాలి. నేను ఆ కథలో వినేది వేరు. వందేళ్ళ కిందటే ఈ పేట జనం రోడ్డు కోసం తమ తల్లిని జరపనివ్వలేదు. వీధిలో ముందు ఎవరికి చోటుండాలో వాళ్ళకి తెలుసు. ఇప్పుడా వీధిలోనే నడిచే ముసలివాళ్ళని గోడకి జరిపేసి దాన్నే అభివృద్ధి అంటే నేనెలా ఊరుకుంటాను?

అక్కకి నిన్న రాత్రి ఫోన్ చేసి టోకెన్ అడ్వాన్సు కట్టొద్దని చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా అత్తగారిని ఓ నెల మీ దగ్గరికి పంపనా?" అంది. పంపమన్నాను. ముందు గది సర్దుతున్నాం, అమ్మ అప్పుడే పిండి పట్టించడానికి బియ్యం నానబోసింది. ఆవిడకి పూర్ణా మార్కెట్టు చూపించాలట.

స్తంభం దగ్గర పలక ఇంకా కదులుతూనే ఉంది. ఇద్దరు పెద్దవాళ్ళు చేతులు పట్టుకుని అటు నడవబోతున్నారు. సోమవారం అర్జీలు తీసుకునే రోజు, నాలుగోసారి వెళ్తున్నాను. ఫొటోలు, కొలతలు, మార్గదర్శకాల కాపీ అన్నీ పెట్టుకున్నాను. మా పేటలో ఈ పోస్టు చదివినవాళ్ళెవరైనా కలిసి వస్తానంటే పొద్దున్న తొమ్మిదిన్నరకి పాత పోస్టాఫీసు దగ్గర ఉంటాను. నడిచే వెళ్దాం.