శ్రీ పిల్లి పియానో గారి దివ్యసముఖమునకు

అయ్యా, నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమే అనుకుంటాను. మీ పెట్టెలోని పిల్లుల సంగతి అడగడానికి మాత్రం నోరు రావడం లేదు.

మీ పూర్వోత్తరాలు వెతికితే 1549 నాటి బ్రస్సెల్స్ ఊరేగింపు తగిలింది. స్పెయిన్ యువరాజు ఫిలిప్ వచ్చాడని చేసిన సంబరం అది. అందులో ఓ ఎలుగుబంటి ఆర్గన్ అనే గొట్టాల వాద్యం వాయించిందట. గొట్టాలు ఉండాల్సిన చోట పిల్లులు, వాటి తోకలకు తాళ్లు. యువరాజు వెంట వెళ్లిన కాల్వెతె దె ఎస్త్రెయ్యా తన యాత్రా గ్రంథంలో ఈ ముచ్చట రాసిపెట్టారు.

వందేళ్లు తిరిగేసరికి మీరు వైద్యులయ్యారు. 1650లో అథనాసియస్ కిర్చర్ అనే జెసూట్ పండితుడు తన సంగీత గ్రంథంలో మీ గొప్పతనం వర్ణించారు. రోములో ఒక రాకుమారుడికి దిగులు పట్టుకుంది. పిల్లుల్ని గొంతును బట్టి వరసగా పెట్టెలో బిగించారు. మెట్టు నొక్కితే తోకలో మేకు దిగుతుంది, పిల్లి అరుస్తుంది. రాకుమారుడు నవ్వాడు, దిగులు పోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాం మేము. మీ కొలువులో పిల్లే ఎలుక.

నాదో చిన్న సందేహం. హార్మోనియం మెట్టు ఎన్నిసార్లు నొక్కినా అదే స్వరం పలుకుతుంది. పిల్లి అలా కాదే! మొదటిసారి ఒకలా అరుస్తుంది, రెండోసారి ఇంకోలా, మూడోసారి పెట్టె బద్దలు కొట్టుకుని వచ్చి వాయించేవాడి మొహం మీద పడుతుంది. కచేరీ మధ్యలో శ్రుతి ఎలా సరిచేస్తారు?

మీకు అసలు పరపతి తెచ్చింది జర్మన్ డాక్టర్ యోహాన్ క్రిస్టియన్ రైల్. సైకియాట్రీ అన్న మాట పుట్టించిన మహానుభావుడు. తన లోకంలో తాను మునిగిపోయిన రోగిని, పిల్లుల మొహాలు తప్పకుండా కనబడేలా కూర్చోబెట్టి, మీ మీద ఓ ఫ్యూగ్, అంటే ఒకే బాణీని స్వరాలు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన, వాయించమని 1803లో రాశారు. బైబిల్లో ఉప్పు స్తంభమైపోయిన లోతు భార్యకు కూడా తెలివి వచ్చి తీరుతుందని ఆయన భరోసా. మందు రోగికి, సైడ్ ఎఫెక్టులు పిల్లులకి. ఇంత సుఖమైన వైద్యం నేనెక్కడా వినలేదు.

తీరా చూస్తే, వైద్యానికని మిమ్మల్ని ఎవరైనా నిజంగా చేయించారనడానికి ఆధారమే లేదు! ఒకరి పుస్తకంలోంచి మరొకరి పుస్తకంలోకి దర్జాగా నడిచొచ్చారు. మా వాట్సాప్ ఫార్వర్డులకు మీరు ముత్తాత అవుతారు.

ఇటలీ స్వరకర్త స్కార్లట్టి రాసిన సొనాటా అనే వాద్య రచన ఒకదానికి ‘పిల్లి ఫ్యూగ్’ అని పేరుంది, తెలుసుగా. ఆ పేరు ఆయన పెట్టింది కాదు, తర్వాతివాళ్లు తగిలించారు. పిల్లి మెట్ల మీద నడిస్తే ఆ బాణీ పుట్టిందని ఓ కథ కూడా అల్లారు. కథే అయినా, అందులో తోక జోలికి ఎవరూ పోలేదు.

2010లో లండన్‌లో హెన్రీ డాగ్ అనే ఆయన ప్రిన్స్ చార్లెస్ ముందు మీ వేషం కట్టించారు. నొక్కితే అరిచే బొమ్మ పిల్లులతో! యువరాజు పడీపడీ నవ్వారు. మేకులు లేకపోయినా నవ్వు వచ్చిందన్నమాట. మరి ఆ రోము వాళ్లకు ఏం తొందరొచ్చింది?

ఇంకో కబురు మీకు నచ్చకపోవచ్చు. అమెరికాలో కోటెల్ అనే స్వరకర్త ఇంట్లో కెట్జెల్ అనే పిల్లి పియానో మెట్ల మీద నడిస్తే, ఆయన ఆ స్వరాలు రాసుకుని పోటీకి పంపారు. 1997లో దానికి ప్రత్యేక ప్రశంస దక్కింది. తర్వాత రాయల్టీ చెక్కు కూడా వచ్చింది. మీ దగ్గర పనిచేసిన పిల్లులకు జీతం బకాయిలేమైనా ఉంటే ఈ సందర్భంగా తీర్చేయండి.

జవాబు రాయనక్కర్లేదు. మీరు నోరు విప్పాలంటే ఎవరో ఒకరు మెట్టు నొక్కాలి కదా.

ఇట్లు,
తోకలున్నవారి తరఫున
ఒక శ్రేయోభిలాషి