మెథడోన్ ఆపేయమని ఫార్వర్డ్ చేసేవాళ్ళకి

హెరాయిన్ అలవాటుకి చికిత్సగా డాక్టర్లు ఇచ్చే మందు మెథడోన్. దాని మీద మళ్ళీ అదే మెసేజ్. "మెథడోన్ ఏళ్ల తరబడి వాడితే ఎముకలు కరుగుతాయి, జ్ఞాపకశక్తి పోతుంది, మనిషి మరబొమ్మ అవుతాడు, ఇది ఒక మత్తు పోయి ఇంకో మత్తు పట్టుకోవడమే, ఆరు నెలలు దాటితే వెంటనే ఆపేయండి" అని. పంపినవాళ్ళంతా మేలు కోరే పంపారు, అందుకే ఇంకా బాధగా ఉంది.

ఎముకలు కరగవు. దీర్ఘకాలం వాడితే వాటి సాంద్రత కొంత తగ్గొచ్చు. డోసు చాలక విత్‌డ్రాయల్, అంటే మందు అందక ఒళ్ళు పడే బాధ, మొదలైతే పీకుతాయి.

ఇంకో మత్తా? హెరాయిన్ కొన్ని గంటల్లోనే దిగిపోతుంది, మళ్ళీ ఎక్కడ దొరుకుతుందా అనే వెతుకులాటలోనే రోజంతా గడిచిపోతుంది. మెథడోన్ రోజుకొక్కసారి చాలు, డోసు కుదురుకున్న మనిషికి కిక్ ఉండదు. పొద్దున్నే నర్సు ఎదుట చిన్న కప్పులో మందు తాగి, పిల్లను బడిలో దింపి పనికి వెళ్ళే మనిషిని పట్టుకుని మత్తులో ఉన్నాడంటారా?

జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షల్లో మెథడోన్ వాడేవాళ్ళకి మార్కులు తగ్గడం నిజమే. కానీ ఏళ్ల తరబడి హెరాయిన్, ఓవర్‌డోస్‌లో ఊపిరి ఆగిన క్షణాలు, తలకు దెబ్బలు, మద్యం, నిద్రమాత్రలు... ఇవన్నీ వదిలేసి నేరమంతా ఈ మందు మీదే మోపితే ఎలా?

మరబొమ్మ అన్న మాటను మాత్రం కొట్టిపారేయలేను. ఏడుపు రాదు, నవ్వూ రాదు అని కొందరు చెబుతారు, అది వాళ్ళు కల్పించుకున్నది కాదు. దీర్ఘకాలం వాడితే టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ తగ్గొచ్చు, లైంగిక కోరిక తగ్గొచ్చు, నిద్రలో శ్వాస ఆగి ఆగి ఆడి పగలంతా మందకొడిగా ఉండొచ్చు, డిప్రెషన్ వేరే ఉండొచ్చు. డాక్టర్లు ఇవి అడగాలి, పరీక్షించాలి, డోసు సరిచూడాలి. చాలాసార్లు అడగరు, అది తప్పే.

అసలు ప్రాణాల మీదికి తెచ్చేది ఆ "వెంటనే ఆపేయండి". ఎన్నో అధ్యయనాలను కలిపి 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన లెక్క చూడండి: మెథడోన్ తీసుకుంటున్న వెయ్యి మందిలో ఏడాదికి సుమారు 11 మంది చనిపోతే, చికిత్స ఆపేసినవాళ్ళలో సుమారు 36 మంది. ఆపిన మొదటి 4 వారాలు మరీ ప్రమాదం. ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది, టెన్షన్‌లో హెరాయిన్ పాత మోతాదులోనే మళ్ళీ ఎక్కించుకుంటారు, ఊపిరి ఆగిపోతుంది. మీ మెసేజ్ నమ్మి రేపే మానేసేవాడి ఇంట్లో వాళ్ళకి ఏం చెబుతారు?

మానాలనుకునే హక్కు ఎవరికైనా ఉంది. డాక్టర్‌తో కలిసి నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి, మధ్యలో ఒళ్ళు తట్టుకోకపోతే ఆగాలి, అవసరమైతే డోసు మళ్ళీ పెంచుకోవాలి.