దొంగ బిల్లు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ దొంగ బిల్లు గారికి, లెక్కల్లో దాగిన మోసాలు తవ్వే ఫోరెన్సిక్ అకౌంటెంట్లు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు క్షేమంగా ఉన్నంతకాలం మా జీతాలకు ఢోకా లేదు.

ఈ మధ్య కుర్రకారు మా వృత్తిలోకి రావాలని తెగ ఉబలాటపడుతోంది. అర్ధరాత్రి సోదాలు, బీరువా వెనక రహస్య అరలు ఊహించుకుని వస్తారు. వచ్చాక దొరికేది ఒక ఎక్సెల్ షీటు, అందులో వేలాది అసలు బిల్లులు, వాటి మధ్య బుద్ధిగా కూర్చున్న మీరు.

మీతో మాకున్న మొదటి పేచీ, మీరు మరీ శుభ్రంగా ఉంటారు. నిజం బిల్లు నలిగి ఉంటుంది, గోడౌన్ వాడు పెన్సిల్‌తో గీసిన టిక్కు ఉంటుంది, రెండుసార్లు స్టేపిల్ కొట్టిన చిల్లులుంటాయి. మీరేమో పోస్టులో వచ్చానంటారు, ఒంటి మీద ఒక్క మడతైనా ఉండదు. జనవరిలో మీ నంబరు 101, ఫిబ్రవరిలో 102, మార్చిలో 103. మిమ్మల్ని పంపిన కంపెనీకి ఈ భూప్రపంచంలో ఇంకో ఖాతాదారుడే లేడా? మేనేజరు సంతకంతో పోయే పరిమితి 50,000 అయితే మీరు 49,800 దగ్గర ఆగుతారు. అంతకన్నా పెద్ద పని పడితే ఒకే రోజు ముగ్గురన్నదమ్ములుగా విడిపోయి వస్తారు.

బెన్‌ఫోర్డ్ సూత్రం మీ చెవిన పడినట్టు లేదు. సహజంగా పుట్టిన మొత్తాల్లో 1తో మొదలయ్యేవి 30.1 శాతం దాకా, 9తో మొదలయ్యేవి 4.6 శాతమే. లాగరిథం పుస్తకాల్లో 1తో మొదలయ్యే అంకెలుండే మొదటి పేజీలే ఎక్కువ నలిగాయని 1881లోనే సైమన్ న్యూకోంబ్ గమనించాడు. పేరు మాత్రం 1938లో రాసిన ఫ్రాంక్ బెన్‌ఫోర్డ్‌కి దక్కింది. మీ సంతతిని మొదటి రెండంకెల వారీగా లెక్కేసి గ్రాఫు గీస్తే 49 దగ్గర గోపురం లేస్తుంది. దాన్ని చూడగానే దొంగ దొరికాడని కేక వేసే కొత్తవాళ్లకో మాట: నెలనెలా కట్టే అద్దె 49,500 అయినా అదే గోపురం లేస్తుంది. వందో రెండొందలో ఎంట్రీల మీద ఈ పరీక్ష పెట్టడం దండగ. ఎక్కడ తవ్వాలో చెప్పడం వరకే దాని పని, సాక్ష్యం కాదు.

మీ తెలివినీ మెచ్చుకోవాలి. పర్చేజ్ ఆర్డరు, సరుకు అందిన రసీదు, బిల్లు మూడూ సరిచూస్తారని తెలిసి, మీరు సరుకు పేరే ఎత్తరు. కన్సల్టెన్సీ, మరమ్మతులు, ప్రచారం అంటారు. గోడౌన్‌లో కొలిచి చూడ్డానికి ఏమీ ఉండదు కదా! అందుకే మేం డబ్బు వెంట పడతాం. సప్లయర్ల బ్యాంకు ఖాతా నంబర్లను జీతాల జాబితాతో కలిపి చూస్తాం. అక్కడ తగలకపోతే ఫోన్ నంబర్లు, చిరునామాలు. ఖాతా నంబరు చెల్లింపుకు ముందురోజు మారి, మర్నాడు మళ్లీ యథాస్థానానికి వచ్చిందా అన్నది మార్పుల లాగ్‌లో తెలుస్తుంది.

మీ చుట్టం నకిలీ బ్యాంకు స్టేట్‌మెంటుని కూడా అడిగామని చెప్పండి. తొలి నిల్వకు జమలు కలిపి ఖర్చులు తీసేస్తే ప్రతి వరుసలోనూ మిగులు సరిపోవాలి. ఒక అంకె దిద్దినవాడు కింది వరుసలన్నీ దిద్దడం మరిచిపోతాడు. తేడా వస్తే మాత్రం ముందు స్కాన్‌ని అనుమానించాలి. అది 8ని 3గా చదివి ఎందరి పరువో తీయబోయింది. జర్మనీ చెల్లింపుల కంపెనీ వాయిర్‌కార్డ్ ఖాతాల్లో 190 కోట్ల యూరోలు లేవని 2020లో తేలినప్పుడు, డబ్బు ఉన్నట్టు చూపిన కాగితాలు నకిలీవని సదరు బ్యాంకులే చెప్పాయి. కాగితం ఇచ్చినవాణ్ణి కాకుండా బ్యాంకునే నేరుగా అడగాలి.

మీరు కంప్యూటర్‌లో పుట్టిన ఫైలైతే మిమ్మల్ని ఆత్రంగా తెరవం. తెరిస్తే తేదీలు మారిపోవచ్చు. డిస్కుకి నకలు తీసి, హాష్ విలువ (ఒక్క అక్షరం మారినా మారిపోయే, డేటాకి వేలిముద్రలాంటి సంఖ్య) రాసుకుని, నకలు మీదే పనిచేస్తాం. కొత్తవాళ్లు కేసు చెడగొట్టేది ఎక్కువగా ఇక్కడే, లేదా అనుమానితుణ్ణి మొదటిరోజే పిలిచి గద్దించడంలో. కాగితాలు, సాక్షులు అయ్యాకే ఆయన వంతు. రిపోర్టులోనూ “నేరస్తుడు” అని రాయం. ఫలానా ఖాతాలోకి ఫలానా తేదీన ఇంత వెళ్లింది, దానికి ఆధారం ఫలానా పత్రం అని రాస్తాం. తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది. లెక్కలు, ఆడిట్ ముందు ఒంటబట్టాలి, ఆపై డేటాబేసుల్ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్, సాక్ష్యాల చట్టం. 1988లో మొదలైన మోస పరిశోధకుల సంఘం ఏసీఎఫ్‌ఈ వారిచ్చే సీఎఫ్‌ఈ (సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్) పట్టా తలుపు తీయిస్తుంది, అంతే. సొంత భాషలో రెండు పేజీలు సూటిగా రాయలేనివాడికి అదీ ఆసరా కాదు.

ఇంత చదువుకుని కూర్చున్నా, మిమ్మల్ని ఎక్కువగా పట్టిస్తున్నది మేం కాదు, పక్క సీటువాడు చెవిలో వేసే మాట. ఒప్పుకోవడానికి నామోషీగానే ఉంది.

మిమ్మల్ని పుట్టించి పోషిస్తున్న ఉద్యోగి ఏళ్ల తరబడి సెలవు పెట్టలేదని, జ్వరంలోనూ ఆఫీసుకొచ్చాడని యాజమాన్యం శాలువా కప్పింది. మేం చిన్న సిఫార్సు చేశాం. సోమవారం నుంచి ఆయనకు రెండు వారాలు తప్పనిసరి సెలవు. ఆ కుర్చీలో వేరొకరు కూర్చుంటారు. మీ తర్వాతి నంబరు 104 అనుకుంటాం, పంపండి.

ఇట్లు,
మీ ఉప్పు తింటున్న ఫోరెన్సిక్ అకౌంటెంట్లు