చిలకమ్మ గారికి ఒక లేఖ

మహారాజశ్రీ చిలకమ్మ గారి దివ్య సముఖానికి,

ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి తమరి కరెంటు బిల్లు కట్టువాడు వ్రాయునది. ఉభయకుశలోపరి. ఉభయులం అంత కుశలంగా లేమనుకోండి. తమరికి తోక లేదు, నాకు ఆదివారం లేదు.

తమరు పెంపుడు బల్లిగా మా ఇంటికి వేంచేసి 4 నెలలు. "బిగినర్లకి పర్ఫెక్ట్ బ్రో" అన్నాడు షాపతను. ఆ మాట మీద 18 అంగుళాల వెడల్పు, రెండడుగుల ఎత్తు గాజు మేడ కొన్నాను. దీపాలకి తమరి ఖరీదు కంటే ఎక్కువైంది. ఒకటి ఎండ కాయడానికి, దాని కింద 90 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి. రెండోది యూవీబీ, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం, అది లేకపోతే తిన్న కాల్షియం తమరి ఎముకలకి పట్టదట. వెలుగుతూనే ఉంటుంది గానీ లోపల సరుకు ఏడాది తిరక్కుండా అయిపోతుందట, మార్చాలట. గిన్నెలో నీళ్ళు పెడితే తమరు కన్నెత్తి చూడరు. ఆకుల మీద చిలకరిస్తే చుక్క చుక్కా నాకుతారు. రోజుకి రెండు పూటలా చిలకరిస్తున్నాను, మా అమ్మ తులసికి కూడా ఇంత చెయ్యదు. చిలకమ్మ అని పేరు పెట్టాక తొడల కింద చుక్కలు వరసగా తేలాయి. మగవారట. పేరు అలాగే ఉంచాను, మన్నించగలరు.

ఇదంతా సర్దుకున్నాను. ముట్టుకోనివ్వరు చూడండి, అది మింగుడు పడడం లేదు.

పట్టుకుంటే తమరి చర్మం తడిసిన కాగితంలా ఊడొస్తుందట. గట్టిగా పడితే తోక వదిలేస్తారట. కార్డు గీకాక చెప్పాడు షాపతను. మా చిత్తూరింట్లో ట్యూబ్‌లైట్ వెనకున్న బల్లి పైసా తీసుకోకుండా మీద పడేది. కంచి వరదరాజస్వామి గుళ్ళో బంగారు బల్లిని మెట్లెక్కి మరీ తాకుతాం, తాకొచ్చిన వాళ్ళని తాకినా దోషం పోతుందంటారు. ఇన్ని బల్లుల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, డబ్బు పోసి కొన్న బల్లినే తాకకూడదు!

మొన్న పొద్దున పదిన్నరకి అద్దం తుడుద్దామని తలుపు రెండు వేళ్ళ సందు తీశాను. అద్దం మీద ఏముందో తమరికి తెలుసు, రాయను. ఆ సందు చాలింది. నా నెత్తి మీదికి, కర్టెన్ మీదికి, అట్నుంచి ఫ్రిజ్ వెనక్కి. అమ్మ గోడ క్యాలెండర్ తిప్పి "తల మీద పడితే కలహంరా నాయనా" అంది. శాస్త్రం తప్పలేదు. ఫ్రిజ్ జరపాలా వద్దా అని నాకూ మా ఆవిడకీ పదకొండింటికే మొదలైంది. ఫ్లోరిడాలో మీవాళ్ళు మనుషుల చేతుల్లోంచి జారుకుని అక్కడే కాపురాలు పెట్టేశారట. ఇది ఫ్లోరిడా కాదు స్వామీ, జనవరిలో గడ్డకట్టే ఊరు.

నాలుగు గంటలు టార్చి పట్టుకుని బోర్లా పడుకున్నాను. తమరి మీద డబ్బా బోర్లించి కింద అట్ట తోయాలి, తెలుసు. డబ్బా చేతిలోనే ఉంది. కానీ నువ్వు జానెడు దూరంలో, ముదురాకు రంగుకి తిరిగిపోయి, నన్నే చూస్తున్నావు. చెయ్యి వేశాను.

ఏరా, నేనేమైనా పిల్లినా? నువ్వు తినబోయే కీచురాళ్ళకి క్యారెట్ తురుము పెట్టి మేపుతున్నానురా! వాటిని కాల్షియం పొడిలో పొర్లించి, మిరపకాయ బజ్జీల్లా ఒక్కొక్కటీ అందిస్తున్నాను. అవి తప్పించుకుని సోఫా కింద రాత్రంతా కచేరీ పెడితే విన్నది నేను. అంత చేసినవాడికి తోక చేతిలో పెట్టి పోతావా? నిమిషం పైనే కొట్టుకుంది అరచేతిలో, చల్లగా, మెలికలు తిరుగుతూ. నాలుగు నెలల్లో నేను నిన్ను ముట్టుకున్నది అదే. అప్పటికి అందులో నువ్వు లేవు.

చివరికి నువ్వు తినే మామిడి వాసన పొడి కలిపి సీసా మూతలో పెడితే డబ్బాలోకి నువ్వే నడిచొచ్చావు. ఈ పని పదకొండింటికే చెయ్యొచ్చని మా ఆవిడ అంది, ఇంకా అంటూనే ఉంది. ఇప్పుడు మొండి నడుముతో వెదురు బొంగుకి తలకిందులుగా అతుక్కుని, రెప్పల్లేని కన్ను నాలుకతో తుడుచుకుంటున్నావు. ముద్దొస్తున్నావు వెధవా, అదీ నా ఖర్మ.

ఇట్లు,
తమరి పోషకుడు

తా.క.: కొత్తది మొలుస్తుందట, రంగు కాస్త తేడాగా. పాతదాన్ని పారెయ్యడానికి చేతులు రాక కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టాను, గోంగూర పక్కన. మా ఆవిడ దాని మీద మార్కర్‌తో రాసింది: "ములక్కాడ కాదు."