హస్తవాసి

సంక్రాంతి పండక్కి నిండుగా ఉన్న ఇంట్లో "బండి ప్లగ్గుకి కరెంటు రావట్లేదు" అని గట్టిగా అనకూడదు. అన్నారంటే భోగిమంట చుట్టూ చలి కాచుకుంటున్న మగాళ్లందరూ లేచొస్తారు. ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో కారణం ఉంటుంది, ఒకరు చెప్పింది ఇంకొకరికి నచ్చదు.

బండి మా మావయ్యగారిది, యెజ్డీ 250. మైసూరులో ఐడియల్ జావా వాళ్లు తయారు చేసిన బండి. 1973 నుంచి ఆ పేరుతో వచ్చేది, 1996లో ఫ్యాక్టరీయే మూతపడింది. సిలిండరు ఒకటే అయినా సైలెన్సర్లు రెండు. గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి లేపితే అదే కిక్ రాడ్డు అయిపోతుంది, తెలియనివాడు కిక్కు కోసం బండి చుట్టూ ప్రదక్షిణ చేయాల్సిందే. ఈ బండి మీద తాను కొబ్బరి గెలలు, ఎరువుల బస్తాలు, పెళ్లయిన కొత్తలో మా అత్తయ్యగారిని మోశానని మావయ్యగారు చెబుతుంటారు. ఎప్పుడు చెప్పినా అదే వరసలో చెబుతారు.

చాలా ఏళ్లు కొట్టంలో పడుకున్న ఆ బండిని మా బావమరిది డర్ట్ బైక్ చేస్తానన్నాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతిలో ఫోను, అందులో వీడియోలు. మడ్‌గార్డులు పీకేశాడు, బొడిపెల టైర్లు వేయించాడు, వెడల్పాటి హ్యాండిల్ పెట్టించాడు, ఛాసిస్ మొత్తం విప్పి రాజమండ్రి పంపి నారింజ రంగు పౌడర్ కోటింగ్ చేయించాడు. రంగు పొడి చల్లి పొయ్యిలో పెట్టి కాలుస్తారు, గోరు పెట్టి గీకినా రాదు. దాని మీద ఏటిగట్టు వెంట లంకల్లోకి వెళ్లాలి, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాలి, అదీ వాడి ప్లాను. రోడ్డు ఉంది కదరా అంటే, "దేవుళ్లని మోసుకొచ్చే ప్రభలే చేలల్లోంచి, కౌశిక కాలువ దాటుకుని వస్తుంటే నేను రోడ్డు మీద వెళ్లడమేంటి బావా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

భోగినాడు పొద్దున్నే బండి వాకిట్లోకి దిగింది. లైటు వెలిగింది, హారను మోగింది, కిక్కు కొడితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

ప్లగ్గు ఊడదీశాం. పెట్రోలు తడి ఉంది, అంటే పెట్రోలు వస్తోంది. ప్లగ్గుని క్యాపులో గుచ్చి, ఇంజను హెడ్డుకి ఆనించి, స్విచ్చి వేసి కిక్కు కొడితే మొనల మధ్య నీలం రవ్వ పడాలి. పడలేదు. అప్పుడే ఎవరో ఆ మాట గట్టిగా అనేశారు.

ముందు మా తోడల్లుడు వచ్చాడు. ఆయనకి బుల్లెట్ ఉంది కాబట్టి మిగతా బండ్లన్నిటి మీదా ఆయనకి జాలి. ప్లగ్గు మార్చమన్నాడు, మార్చాం. క్యాపు మార్చమన్నాడు, మార్చాం. ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్ నుంచి వచ్చే లావు వైరు చివర కాస్త కత్తిరించి మళ్లీ బిగించమన్నాడు, అదీ చేశాం. తర్వాత ఎదురింటాయన వచ్చి, అసలు సంగతంతా ఇంజను తిరిగేకొద్దీ కలుస్తూ విడిపోతూ ఉండే పాయింట్లలో ఉంటుందని కుడివైపు మూత తీయించాడు. ఆ మాట తప్పేం కాదు. పాయింట్లు విడిపోయిన క్షణంలోనే కాయిల్లో వేల వోల్టులు పుట్టేది, పక్కనున్న కండెన్సరు ఆ పాయింట్లు కాలిపోకుండా కాసేది. అగ్గిపెట్టె పక్క గరుకుతో పాయింట్లు రుద్దాడు. సందు 0.4 మిల్లీమీటరు ఉండాలి, కొలిచే గేజీ ఎవరి దగ్గరా లేదు, విజిటింగ్ కార్డు అయితే సరిపోతుందన్నారు, ఆ ఊళ్లో విజిటింగ్ కార్డు ఎవడి దగ్గరుంటుంది? మావయ్యగారు బీరువా తెరిచి మిగిలిపోయిన మా పెళ్లి శుభలేఖ తెచ్చిచ్చారు. దాన్ని ముక్క చేసి పాయింట్ల మధ్య దూర్చి సందు కుదిర్చారు. మా పెళ్లి వల్ల ఎవరికో ఒకరికి ఉపయోగం జరిగినందుకు సంతోషించాను. మా ఆవిడ సంతోషించలేదు.

ఇంతచేసినా కరెంటు రాలేదంటే ఊరుకునేవాళ్లం. కానీ వచ్చేది! కాసేపు వచ్చేది, కాసేపు పోయేది. ఆ రావడానికీ పోవడానికీ ఒక పద్ధతి ఉందని మొదట కనిపెట్టింది మా అత్తయ్యగారు. అరుగు మీద కూర్చుని అరిసెలు ఒత్తుతూ, "చూడండి, మావాడు ఎక్కితేనే వస్తోంది" అంది. పరీక్షించాం. తోడల్లుడు ఎక్కి కొడితే లేదు. నేను ఎక్కితే లేదు. బావమరిది ఎక్కి కొట్టాడో లేదో, టప్పున రవ్వ! "చిన్నప్పటి నుంచీ వాడి హస్తవాసి అలాంటిది, వాడు పాతిన కొబ్బరి మొక్క ఒక్కటీ చచ్చిపోలేదు" అని అత్తయ్యగారు అందరికీ వినపడేలా చెప్పింది. బుల్లెట్ ఉన్న అల్లుడి మొహం వాడిపోయింది.

ఇలాంటివాటిని నమ్మని మనిషి మా చినమావయ్య ఒక్కరే. రిటైరైన లైన్‌మన్. "నేను 11 కేవీ లైన్ల కింద బతికినవాణ్ని, దీంట్లో కరెంటు ఉందో లేదో నన్నడగండి" అని ప్లగ్గుని ఏకంగా చేత్తో పట్టుకుని కూర్చున్నారు. తోడల్లుడు కిక్కు కొట్టాడు. "ఏం లేదు, పూర్తిగా చచ్చింది" అన్నారు. మళ్లీ కొట్టమన్నారు. సరిగ్గా అప్పుడే బండి ఊగుతోందని బావమరిది ముందు నుంచి వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. చినమావయ్య ఎగిరి వెళ్లి గొబ్బెమ్మల మధ్య కూర్చున్నారు. కాయిల్ కరెంటుతో సాధారణంగా ప్రాణం పోదు, వోల్టేజీ ఎంతున్నా పారే కరెంటు బహు తక్కువ. పరువు సంగతి వేరే.

దాంతో హస్తవాసి సిద్ధాంతానికి ఎదురు లేకుండా పోయింది. ప్లగ్గు బిగించి, బావమరిదినే ఎక్కించి, స్టార్ట్ చేయమన్నారు. చేశాడు. బండి నిజంగానే స్టార్టయింది! వీధంతా నీలం పొగ, పిల్లల చప్పట్లు. గేరు వేసి, హ్యాండిల్ తిన్నగా పెట్టి కదలబోయాడు, ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాడు, మళ్లీ కదలబోయే ముందు ఆగిపోయింది. "హైదరాబాదులో ఆటోమేటిక్ కారు నడిపి నడిపి క్లచ్ వదలడం మర్చిపోయాడు" అని తోడల్లుడు తీర్పు చెప్పాడు, ఆయన మొహం మళ్లీ వెలిగింది. కండెన్సరు కూడా మార్చేశారు. కాయిల్ మార్చేశారు. సంక్రాంతి రోజంతా ఇదే.

కనుమనాడు పొద్దున్న రావులపాలెం నుంచి ఓ ముసలి మేస్త్రిని బతిమాలి తీసుకొచ్చారు. ఆయన పాయింట్లు చూడలేదు, ప్లగ్గు చూడలేదు. నారింజ రంగు ఛాసిస్‌ని కాసేపు చూశాడు.

"లైటెలుగుతుందా?"

"వెలుగుతుంది."

"హారను?"

"మోగుతుంది."

చొక్కా జేబులోంచి వైరు ముక్క తీసి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజను రెక్కకి ఆనించి కిక్కు కొట్టమన్నాడు. ఎక్కింది నేను. హస్తవాసి లేని చేతులతో, హ్యాండిల్ తిన్నగా పట్టుకుని కొట్టినా బండి బుర్రుమంది.

సంగతేంటంటే, బ్యాటరీ మైనస్ వైరు ఛాసిస్‌కి తగిలించి ఉంది. లైటు, హారను ఉండేది ఛాసిస్ మీదే కాబట్టి వాటికి ఏ ఇబ్బందీ లేదు. పాయింట్లు మాత్రం ఇంజను లోపల ఉంటాయి, ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య బోల్టులు బిగించే చోటల్లా, సైలెన్సర్ క్లాంపుల దగ్గర కూడా, ఆ పొయ్యిలో కాలిన రంగే, దాంట్లోంచి కరెంటు పోదు. కరెంటు వెనక్కి వెళ్లే దారి, అంటే ఎర్తు, లేదు. మిగిలింది క్లచ్ కేబులొక్కటే, అదీ బిర్రుగా లాగినప్పుడే హ్యాండిల్ బ్రాకెట్‌కి తగులుతోంది. మావాడికి బండెక్కినా, పట్టుకున్నా హ్యాండిల్ ఎడమకి తిప్పేయడం అలవాటు. తిప్పితే కేబులు బిగుస్తుంది, ఎర్తు దొరుకుతుంది. తిన్నగా చేస్తే వదులవుతుంది, ఎర్తు పోతుంది.

మేస్త్రి ఆకురాయి తీసి ఇంజను బోల్టు దగ్గర కొత్త రంగు గీకుతుంటే బావమరిది అటు చూడలేక ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఇనుము తెల్లగా బయటపడేదాకా గీకి, ఇంజనుకీ ఛాసిస్‌కీ విడిగా ఎర్తు వైరు కూడా వేసి, తీర్థానికి టైమవుతోందని మేస్త్రి తన మోపెడ్ మీద జగ్గన్నతోట వెళ్లిపోయాడు. మా మెకానిక్కులందరూ ఎవరెవరు ఏ పార్టు అనవసరంగా మార్పించారో తేల్చుకుంటూ వాకిట్లోనే ఉండిపోయారు.

అత్తయ్యగారికి మాత్రం ఎర్తు కథ ఎక్కలేదు. వీధిలో ఆవిడ చెప్పిన కథే నిలబడింది. సాయంత్రం ఎదురింటాయన గుమ్మంలో నిలబడి, కాస్త మొహమాటంగా, "మా చేలో డీజిలింజను రెండ్రోజుల నుంచి అందుకోవట్లేదమ్మా, అబ్బాయిని ఓసారి చెయ్యేసి వెళ్లమంటారా?" అని అడిగాడు. డీజిలింజనుకి ప్లగ్గే ఉండదండీ అని నేను చెప్పబోయేలోపే అత్తయ్యగారు లోపలికి కేకేసి వాణ్ని పిలిచేసింది.