మీ అమూల్యమైన సలహాలు ఎక్సెల్ షీట్‌లో పంపగలరు

కరెంటు ట్రాన్స్‌మిషన్ లైన్ల ప్రణాళికను సంస్కరించాలని పైవాళ్ళకు బుద్ధి పుట్టింది. సంతోషం. సంస్కరించేముందు మనబోటివాళ్ళను సంప్రదించాలని కూడా పుట్టింది. భయం వేసేది ఇక్కడే.

సంప్రదింపుల పత్రం నాకూ చేరింది, వాట్సాప్ పుణ్యమా అని. మొత్తం ఇంగ్లీషు. చివర్లో ఒక పట్టిక. అందులో నాలుగు గడులు: క్లాజు నంబరు, ఇప్పుడున్న వాక్యం, మీరు సూచించే వాక్యం, అందుకు కారణం. దీన్ని ఎక్సెల్‌లోనే నింపి పంపాలి. ఉత్తరం రాస్తే కుదరదు, చేత్తో రాసి స్కాన్ చేస్తే అసలే కుదరదు. గడువు దాటాక వచ్చే సలహాలను చూడరు. గడువు లోపల వచ్చినవాటిని చూస్తారు. చూశాక పక్కన ‘నోటెడ్’ అని రాస్తారు.

నెల్లూరు జిల్లాలో అభిప్రాయం లేని మనిషి లేడు. ట్రంకురోడ్డు మీద టీ తాగే ఎవరిని కదిలించినా కరెంటు బిల్లు నుంచి కేంద్ర బడ్జెట్ దాకా అరగంట చెప్తారు. కానీ క్లాజు నంబరుతో సహా అభిప్రాయం ఉన్నవాడు దొరకడం మాత్రం కష్టం. ఒంగోలులో వెతికినా అంతే. అలాంటివాళ్ళు ఢిల్లీలో దొరుకుతారు. జనరేషన్ కంపెనీల్లో, లైన్లు వేసే కంపెనీల్లో, సోలార్, విండ్ వాళ్ళ సంఘాల్లో నెలజీతం మీద ఇదే పనిలో ఉంటారు. వాళ్ళ ఎక్సెల్ షీట్లు చూడముచ్చటగా ఉంటాయి. ఆ తర్వాత వచ్చే నివేదికలో ‘విస్తృత సంప్రదింపులు జరిగాయి’ అని ఉంటుంది. అది అబద్ధం అనడానికి వీల్లేదు.

విషయం చిన్నదేం కాదు. 2021లో కేంద్రం ట్రాన్స్‌మిషన్ ప్రణాళికకు కొత్త రూల్స్ తెచ్చింది. అంతకుముందు కరెంటు తయారుచేసే కంపెనీ (జనరేటరు) తన కరెంటును ఏ మూలకు అమ్ముతుందో చెప్పి లైను అడిగేది. 2023 అక్టోబరు నుంచి జనరల్ నెట్‌వర్క్ యాక్సెస్ అనే పద్ధతి వచ్చింది. ఎక్కడికో చెప్పనక్కర్లేదు, ఎన్ని మెగావాట్లో చెబితే చాలు. లైన్లు ముందే సిద్ధంగా ఉండాలి. మరి ముందే సిద్ధం కావాలంటే ముందే ఎవరి పొలంలోనో దిగాలి. ఆ ‘ఎవరి’ అన్న మాట పత్రంలో ఎక్కడుందోనని చాలాసేపు వెతికాను. ‘రైట్ ఆఫ్ వే సమస్యలు’, అంటే లైను పోయే దారి సమస్యలు, అని ఒక పేరా కనపడింది. నిమ్మతోట, బోరు, గట్టు, తోట మీద బతికే కుటుంబం, అన్నీ ఆ ‘సమస్యలు’ అన్నమాటలో సర్దుకున్నాయి.

పోనీ, ఎవరో ధర్మాత్ముడు ఈ సంప్రదింపులను మన దగ్గరికే తెచ్చాడనుకుందాం. పొదలకూరులో కల్యాణ మండపం. మొన్నటి పెళ్ళి తాలూకు థర్మాకోల్ పేర్లు వేదిక వెనక అలాగే ఉన్నాయి. వాటి కిందే ప్రొజెక్టరు తెర. ముందు వరసలో కుషన్ కుర్చీలు అధికారులకు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు స్టేక్‌హోల్డర్లకు. స్టేక్‌హోల్డర్లు పాస్‌పుస్తకం, వన్-బీ, అడంగల్ జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చారు. ఎందుకైనా మంచిదని ఆధార్ కూడా.

పెద్ద ఆఫీసరు మైకు అందుకుని ‘ఎన్ మైనస్ వన్’ సూత్రం వివరించాడు. గ్రిడ్‌లో, అంటే ఒకదానికొకటి కలిసిన కరెంటు లైన్ల వలలో, ఎన్ని లైన్లున్నా సరే (ఆ లెక్కే ఎన్), వాటిలో ఏదో ఒకటి హఠాత్తుగా పోయినా కరెంటు ఆగకూడదు. మిగతావి ఆ భారం మోయాలి. దేశమంతా ప్లానింగు ఈ సూత్రం మీదే నడుస్తుంది.

వెనక వరసలో ఒక పెద్దాయన లేచాడు.

“సార్, నాదొక చిన్న డౌటు. ఒకటి పొయినా గ్రిడ్డు నిలబడద్దంటిరే?”

“తప్పకుండా నిలబడుతుంది పెద్దాయనా. డిజైనే అలా చేస్తాం.”

“కాయితం మీద ఉందా సార్ ఆ మాట?”

“మాన్యువల్‌లోనే ఉంది.”

“అయితే ఆ పొయ్యేదేదో మా నిమ్మతోటలో టవరే అనుకోండి. మిగతాయన్నీ కట్టుకోండి. గ్రిడ్డుకేం గాదు గదా, మీరే అంటిరి.”

జూనియర్ ఇంజనీరుకు నవ్వొచ్చింది. పైఆఫీసరు చూడగానే ఆపుకున్నాడు.

“టవర్ కాదు పెద్దాయనా, లైను. లైను పోయినా అని సూత్రం.”

“లైనే తీసెయ్యండి సార్. ఇంకా మేలు.”

“అలా కాదు. ముందు ఎన్ ఉంటేనే కదా అందులోంచి ఒకటి తీసేది.”

“ఉంది గదా సార్, పక్క చేన్లో.”

పక్క చేను ఆసామి ఊరుకుంటాడా? “ఏందన్నా నువ్వనేది? మైనస్ చేసేదుంటే నాది చెయ్యమను. నాకు ఇద్దరాడపిల్లలు” అని లేచాడు. ఆయన వెనక జామాయిలు తోట ఆయన, ఆయన వెనక బత్తాయి తోట ఆయన. నాది మైనస్ అంటే నాది మైనస్. ఇంతలో జూనియర్ ఇంజనీరు ఉత్సాహం పట్టలేక, ఒకటి పోయాక ఇంకొకటి కూడా పోయే ‘ఎన్ మైనస్ వన్ మైనస్ వన్’ ప్రమాణం కూడా ఉందని నోరు జారాడు. ఇంకేముంది, చేతులెత్తినవాళ్ళ సంఖ్య రెట్టింపు. కాసేపటికి మండపంలో ఎన్ అన్నదే మిగల్లేదు.

సలహాలు రాసుకునే కుర్రాడు ల్యాప్‌టాప్ ముందు చెమటలు కక్కుతున్నాడు. “మీ తోట ఏ క్లాజు కిందికొస్తుంది సార్?” అని పెద్దాయన్ను అడిగాడు. “క్లాజు నంబరు లేదు నాయనా, సర్వే నంబరుంది, రాసుకో” అన్నాడాయన. రాసుకున్నాడు. బై కొట్టి రెండు ఏ అనేసరికి గడి ఎర్రగా మారింది. ఆ గడిలో అలాంటి నంబరు చెల్లదు. మర్నాడు తయారైన మినిట్స్‌లో మాత్రం ‘గ్రిడ్ విశ్వసనీయతా ప్రమాణాలపై రైతులు లోతైన ఆసక్తి కనబరిచారు’ అని పడింది.

ఇదంతా ఊహ. ఇక్కణ్ణుంచి చెప్పేది మాత్రం కాదు.

2003 విద్యుత్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం జాతీయ విద్యుత్ ప్రణాళిక ముసాయిదాను ప్రకటించాలి, లైసెన్సున్న కరెంటు సంస్థలతో పాటు ప్రజల నుంచి కూడా అభ్యంతరాలు, సూచనలు పిలవాలి. అదే చట్టం 164వ సెక్షన్ ప్రకారం, లైను వేసే సంస్థకు టెలిగ్రాఫ్ అధికారాలు ఇస్తూ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చిందంటే, పొలం గలాయన అనుమతి అక్కర్లేదు. పెళ్ళిచూపులకు ఊరందరినీ పిలిచి పెళ్ళికూతురికి కబురు పెట్టకపోవడం ఇదే. ఆయన అడ్డుపడితే కలెక్టరు ఆర్డరిస్తాడు. డబ్బు చాలదంటే జిల్లా జడ్జి దగ్గరికి పొమ్మంటారు. తోట వదిలి వాయిదాలకు తిరగాలి.

ఆ టెలిగ్రాఫ్ అధికారాలు ఎక్కడివి? 1885 నాటి చట్టంవి. సన్నటి స్తంభం, దాని మీద తంతి తీగలు, వాటికోసం తెల్లదొర రాసుకున్న చట్టం అది. ఇవ్వాళ 765 కిలోవోల్టుల డబుల్ సర్క్యూట్ లైనుకు, అంటే ఒకే టవర్ మీద రెండు లైన్లు పోయేదానికి, 67 మీటర్ల వెడల్పు దారి కావాలి. కిలోమీటరు పొడవుకు పదహారెకరాల పైచిలుకు. దానికీ ఆ తంతిస్తంభం రూలే. 2013 జూలైలో టెలిగ్రామే పోయింది. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చి పాత టెలిగ్రాఫ్ చట్టాన్ని రద్దు చేసింది. రద్దు చేస్తూ, కరెంటు లైన్ల వరకు మాత్రం ఆ పాత భాగం అలాగే చెల్లుతుందని జాగ్రత్తగా రాసుకున్నారు. వలసపాలన గుర్తులన్నీ చెరిపేస్తున్నామని ఊరేగేవాళ్ళకు ఇదొక్కటి ఎలా ముద్దొచ్చిందో!

ఆ 1885 చట్టంలోనే ‘వీలైనంత తక్కువ నష్టం’ చెయ్యాలని కూడా ఉంది. ఎంత తక్కువో నిర్ణయించేది ప్రొక్లెయిన్ డ్రైవరు.

ఇక డబ్బు. 2015 మార్గదర్శకాల్లో టవర్ కాళ్ళ కింది జాగాకు భూమి విలువలో 85 శాతం, తీగల కింద దారికి 15 శాతం దాకా. 2024 జూన్‌లో పెంచారు: టవర్ జాగాకు 200, దారికి 30. పెంచినందుకు దండం పెడదాం. అయితే 200 వచ్చేది నాలుగు కాళ్ళ మధ్య, చుట్టూ ఒక మీటరుకు. నెల్లూరు లెక్కలో కొన్ని పదుల అంకణాలు. మిగతా దారంతా 30. భూమి మన పేరు మీదే ఉంటుంది, శిస్తు మనదే. ఇల్లు కట్టకూడదు, టేకు, జామాయిలు, కొబ్బరి పెంచకూడదు, అమ్మబోతే కొనేవాడు తలెత్తి తీగలు చూసి వెనక్కి పోతాడు. 2025 మార్చిలో ఇంకో సవరణ చేశారు: దారి పరిహారం కార్పొరేషన్లలో 60 శాతం, మునిసిపాలిటీల్లో 45, పల్లెల్లో ఆ 30 శాతమే. పట్నంలో విలువ ఎలాగూ ఎక్కువే కదా, శాతం కూడా ఎక్కువెందుకు? తీగ అదే, వోల్టేజీ అదే, దాని కింద చెయ్యకూడని పనులూ అవే. పల్లెటూరివాడి ఎకరంలో పోయేది సగమేనా? ఏ గదిలో కూర్చుని, ఎవర్ని సంప్రదించి తేల్చారిది?

కౌలురైతు సంగతి ఎత్తితే ఇంకా సిగ్గుచేటు. కౌలు ముందే కట్టి, అప్పుతెచ్చి పెట్టుబడి పెట్టి, నారు పోసింది అతను. లారీలు తొక్కింది అతని పంటను. పరిహారం లిస్టు మాత్రం పాస్‌పుస్తకంలో పేరు చూసే రాస్తారు. 2019 చట్టంతో కౌలు కార్డు వచ్చిందిగా అంటారు. ఆ చట్టం ప్రకారం కార్డుకు యజమాని సంతకం కావాలి. యజమాని బెంగుళూరులో ఉంటాడు, ఉన్నా పెట్టడు. పట్టికలో నాలుగు గడులు గీసినవాళ్ళకు ఈ మనిషికోసం ఐదో గడి గీయాలని తోచలేదు.

నాకు గ్రిడ్ మీద పగ లేదు. కృష్ణపట్నంలో కాల్చిన బొగ్గు కరెంటై ఊళ్ళు దాటి పోవాలంటే లైన్లు ఉండాల్సిందే. కానీ అడగాల్సింది ఎన్ మైనస్ వన్ గురించి కాదు. ఆ ఊళ్ళో ఏ గట్టు వెంబడి పోతే ఎవరి బోరు మిగులుతుందో, బీడు ఎక్కడుందో, తోట ఎక్కడుందో అది అడగాలి. శాటిలైట్ మ్యాపు మీద గీత గీసి, టెండరు పిలిచి, కంపెనీకి ఇచ్చేశాక పెట్టేది సంప్రదింపు కాదు, సమాచారం. టెండరుకు ముందే ఆ మ్యాపును తెలుగులో, సర్వే నంబర్లతో, పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. గోడ మీద చోటు లేదంటారా? అక్కడున్న నాయకుల ఫ్లెక్సీలు ఒకటి రెండు మేమే తీసిపెడతాం.